బాడుగ కారు ఎంపిక: ధర కాదు, కిలోమీటరు లెక్క

బెంగళూరు నగరంలో బాడుగ కారు నడిపి జీవించే కుటుంబాలలో తెలుగు ఇంటి భాషగా గలవి అనేకం. కొందరు తరతరాలుగా ఇక్కడ స్థిరపడినవారు. మరికొందరు కోలారు, చిక్కబళ్ళాపురం ప్రాంతాల నుండి, సరిహద్దుకు ఆవలి చిత్తూరు, అనంతపురం జిల్లాల నుండి వచ్చినవారు. 2008 మే నెలలో దేవనహళ్ళి వద్ద విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఈ వృత్తి మరింత విస్తరించింది. ఇటువంటి కుటుంబం కారు కొనేటప్పుడు ఇంటిలోని బంగారం కుదువకు వెళుతుంది. బంధువుల చేబదులు తోడవుతుంది. అయిదేళ్ళ అప్పు నెత్తికెక్కుతుంది. సొంత వాడకానికి కొన్న కారు సరిగా కుదరకపోతే కలిగేది అసౌకర్యం మాత్రమే. బాడుగకు కొన్న కారు సరిగా కుదరకపోతే జీవనాధారమే దెబ్బతింటుంది.

కావున ఈ పాఠంలో ఒకే విషయాన్ని వివరిస్తున్నాము. బాడుగ కారును దాని ధరను బట్టి గాని, పైమెరుపును బట్టి గాని ఎంచుకోరాదు. బాడుగ వచ్చిన ఒక్కొక్క కిలోమీటరుకు ఆ కారు ఎంత ఖర్చు పెట్టిస్తుందో లెక్కించి ఎంచుకోవాలి. ఈ లెక్క కూడికలు, భాగహారాలు తెలిసిన ప్రతివారూ వేయగలిగినదే.

1. ముందుగా పనిని నిర్ణయించుకోవాలి

బాడుగ పనులన్నీ ఒకటి కావు. నగరంలోపల చిన్న దూరాలు నడిపేవారికి ఇరుకు వీధులలో తిరగగల, తక్కువ ఇంధనం తాగే చిన్న కారు చాలును. నగర మధ్యం నుండి విమానాశ్రయానికి సుమారు 35 కిలోమీటర్ల దూరం. అక్కడికి వెళ్ళే ప్రయాణికునికి సామాను ఉంటుంది గనుక డిక్కీ గల సెడాన్ అవసరం. కార్యాలయ సిబ్బందిని చేరవేసే పనిలో వేళాపాళా, మైలేజీ ముఖ్యం. తిరుపతి వంటి యాత్రలకు కుటుంబాలు ఆరేడుగురుగా బయలుదేరుతాయి; అందుకు ఎర్టిగా, ఇన్నోవా వంటి పెద్ద బండ్లు కావాలి.

పెద్ద కారుకు బాడుగ ఎక్కువ వస్తుందనే ఆశతో శక్తికి మించి కొనేవారు ఒక విషయం గమనించాలి. కర్ణాటక ప్రభుత్వం 2024 జనవరిలో ప్రకటించిన నగర ట్యాక్సీ ధరల ప్రకారం, 10 లక్షల రూపాయల లోపు విలువ గల వాహనానికి మొదటి 4 కిలోమీటర్లకు 100 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 24 రూపాయలు. 10 నుండి 15 లక్షల వాహనానికి 115, 28 రూపాయలు. 15 లక్షలు దాటిన వాహనానికి 130, 32 రూపాయలు. 8 లక్షల కారుకు బదులు 12 లక్షల కారు కొంటే పెట్టుబడి సగం పెరుగుతుంది. కిలోమీటరు ధర మాత్రం ఆరవ వంతే పెరుగుతుంది. వరుసగా దూరప్రయాణాలు దొరికేవారికే పెద్ద కారు గిట్టుబాటవుతుంది.

2. కిలోమీటరు లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇందులోని ధరలు లెక్క నేర్పడానికి ఊహించుకున్నవి. మీ ప్రాంతంలోని నేటి ధరలను వాటి స్థానంలో వేసుకోవాలి.

ఒక సి.ఎన్.జి. సెడాన్ అన్ని ఖర్చులతో 8,50,000 రూపాయలకు వచ్చిందనుకుందాం. చేతి నుండి 2,50,000 చెల్లించి, మిగిలిన 6,00,000 రూపాయలను 10 శాతం వడ్డీకి అయిదేళ్ళ అప్పుగా తీసుకున్నారు. రోజుకు 160 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు నడిపితే నెలకు 4,000, అయిదేళ్ళకు 2,40,000 కిలోమీటర్లు అవుతాయి. చివరకు ఆ కారు 2,50,000 రూపాయలకు అమ్ముడుపోతుందని అనుకుందాం. నడిచిన ఒక్కొక్క కిలోమీటరుకు ఖర్చు ఈ విధంగా ఉంటుంది:

విలువలో తరుగు: 6,00,000 ÷ 2,40,000 = 2.50 రూపాయలు.
అప్పుపై వడ్డీ: సుమారు 1,65,000 ÷ 2,40,000 = 0.69 రూపాయలు.
బీమా, పన్ను, పర్మిట్, ఎఫ్.సి.: ఏడాదికి 54,000 చొప్పున = 1.13 రూపాయలు.
ఇంధనం: కిలో 90 రూపాయలు, కిలోకు 22 కిలోమీటర్లు = 4.09 రూపాయలు.
సర్వీసు, మరమ్మతు, టైర్లు: 1.25 రూపాయలు.
మొత్తం: 9.66 రూపాయలు.

ఇక్కడ లెక్క ఆపివేయడమే చాలామంది చేసే పొరపాటు. నడిచిన ప్రతి కిలోమీటరుకూ బాడుగ రాదు. ప్రయాణికుని దింపి మరొకరి కోసం తిరిగే దూరం, ఇంటి నుండి మొదటి ట్రిప్పుకు వెళ్ళే దూరం, రాత్రి ఖాళీగా తిరిగివచ్చే దూరం ఇవన్నీ మన జేబులోనివే. నెలకు 4,000 కిలోమీటర్లలో 2,600 కిలోమీటర్లకే బాడుగ వస్తే, బాడుగ కిలోమీటరుకు అసలు ఖర్చు 9.66 కాదు, 14.86 రూపాయలు.

కమీషన్లు పోగా బాడుగ కిలోమీటరుకు 18 రూపాయలు చేతికి అందితే నెలకు 46,800 రూపాయల రాబడి. ఖర్చు 38,640. మిగిలేది 8,160 రూపాయలు. నెలంతా కష్టపడిన డ్రైవరు కూలి అదే. బాడుగ దూరం 2,600 నుండి 3,000 కిలోమీటర్లకు పెరిగితే అదే కారుపై మిగులు 15,360 రూపాయలు అవుతుంది. మంచి కారు ఎంత ముఖ్యమో, ఖాళీ తిరుగుడు తగ్గించుకోవడం అంత ముఖ్యమని దీనివలన తెలుస్తుంది.

3. ఇంధనం ఎంపిక

పైన చెప్పిన కారునే పెట్రోలు రకంలో కొంటే ధర 95,000 రూపాయలు తగ్గుతుందనుకుందాం. కొనేనాడు అది లాభంగా కనిపిస్తుంది. లీటరు 100 రూపాయలు, నగర రద్దీలో లీటరుకు 15 కిలోమీటర్లు అనుకుంటే ఇంధనం ఖర్చు కిలోమీటరుకు 6.67 రూపాయలు. తరుగు, వడ్డీ కొంత తగ్గినప్పటికీ మొత్తం 11.73 రూపాయలకు చేరుతుంది. నెలకు ఖర్చు 46,920, రాబడి 46,800. అనగా ఆ డ్రైవరు నెలంతా ఉచితంగా పనిచేసి, పైగా 120 రూపాయలు నష్టపోతాడు. కొన్ననాడు మిగిలిన 95,000 రూపాయలు ఏడాది తిరగకముందే పెట్రోలు బంకులో కరిగిపోతాయి.

అయితే సి.ఎన్.జి.కి కొన్ని పరిమితులున్నాయి. సిలిండరు డిక్కీలో చాలా భాగాన్ని ఆక్రమిస్తుంది. విమానాశ్రయ ప్రయాణికుల పెట్టెలకు చోటు చాలదు. టాటా టిగోర్ వంటి కార్లలో ఒక పెద్ద సిలిండరుకు బదులు రెండు చిన్నవాటిని డిక్కీ అడుగున అమర్చి ఈ ఇబ్బందిని కొంత తగ్గించారు. కొనే ముందు రెండు పెద్ద పెట్టెలు తీసుకువెళ్ళి డిక్కీలో పెట్టి చూడడం ఉత్తమం. మీరు తిరిగే దారిలో సి.ఎన్.జి. బంకులు ఎక్కడున్నాయి, ఏ వేళలో ఎంతసేపు వరుసలో నిలవాలి అనేదీ తెలుసుకోవాలి. సిలిండరును మూడేళ్ళకొకసారి పరీక్ష చేయించి ధ్రువపత్రం పొందడం తప్పనిసరి. కంపెనీ అమర్చిన కిట్టు గల కారునే ఎంచుకోవాలి. బయట అమర్పించిన కిట్టు ఆర్.సి.లోను, బీమాలోను నమోదు కాకపోతే ప్రమాదం జరిగినప్పుడు చిక్కులు వస్తాయి.

డీజిలు విషయంలో పరిస్థితి మారింది. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చినప్పుడు మారుతి సంస్థ డీజిలు కార్ల తయారీని నిలిపివేసింది. ఇప్పుడు డీజిలు ప్రధానంగా ఇన్నోవా క్రిస్టా వంటి పెద్ద, దూరప్రయాణపు బండ్లకే తగినది. ఈ కొత్త డీజిలు ఇంజన్ల పొగగొట్టంలో మసిని పట్టే వడపోత ఉంటుంది. ఎప్పుడూ రద్దీలో మెల్లగా నడిచే కారులో అది మూసుకుపోయి మరమ్మతు ఖర్చు పెంచుతుంది.

విద్యుత్ కారు విషయంలో అసలు ప్రశ్న ఛార్జింగ్ ఎక్కడ అన్నదే. యూనిట్‌కు 7 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే, ఇంటివద్ద యూనిట్ 8 రూపాయలకు దొరికినవారికి కిలోమీటరుకు 1.14 రూపాయలు; బయటి కేంద్రంలో యూనిట్ 18 రూపాయలైతే 2.57 రూపాయలు. సి.ఎన్.జి.తో పోల్చితే 2,40,000 కిలోమీటర్లకు ఇంటి ఛార్జింగ్ వలన సుమారు 7 లక్షలు, బయటి ఛార్జింగ్ వలన సుమారు 3 లక్షల 65 వేలు ఆదా. విద్యుత్ కారు ధర సి.ఎన్.జి. కారు కంటే ఎంత ఎక్కువో ఈ రెండు అంకెలతో పోల్చి నిర్ణయించుకోవాలి. అద్దె ఇంటిలో ఉండి, కారును వీధిలో నిలిపేవారు రెండవ అంకెనే లెక్కలోనికి తీసుకోవాలి. ఛార్జింగ్‌కు నిలిచిన సమయం కూడా సంపాదన లేని సమయమే.

4. నమ్మకమైన కారు అంటే ఏమిటి?

బాడుగ కారుకు నమ్మకం అంటే ఉదయం స్టార్టు కావడం మాత్రమే కాదు. చెడిపోయినా ఆ సాయంత్రానికే బాగై రోడ్డెక్కగలగడం. పై ఉదాహరణలో ఒక పనిదినానికి రాబడి 1,872 రూపాయలు. నడపకపోతే ఇంధనం, అరుగుదల రూపంలో మిగిలేది 854 రూపాయలు మాత్రమే. అనగా కారు షెడ్డులో నిలిచిన ప్రతి దినం సుమారు 1,018 రూపాయల నష్టం. నెలలో ఎనిమిది రోజులు నిలిస్తే ఆ నెల మిగులంతా పోయినట్లే. కంతు మాత్రం నిలువదు.

కావున నగరంలో ఇదివరకే వేల సంఖ్యలో బాడుగకు తిరుగుతున్న రకాన్నే ఎంచుకోవడం వివేకం. అటువంటి కారు విడిభాగాలు ప్రతి పేటలోను దొరుకుతాయి. దాని జబ్బులు ప్రతి మెకానిక్‌కూ తెలుసు. డిజైర్ టూర్ ఎస్ వంటి నమూనాలు ట్యాక్సీల కొరకే తయారై వస్తున్నాయి. టయోటా ఎటియోస్ తయారీ మనదేశంలో 2020లో ఆగిపోయినా పాత బండ్లు నేటికీ తిరుగుతున్నాయి. అయితే తయారీ ఆగిన నమూనాను కొనేవారు విడిభాగాల లభ్యతను ముందుగా విచారించాలి. కొత్తగా వచ్చిన నమూనా ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, మొదటి ఏడాది ఇతరుల అనుభవం గమనించి కొనడం మేలు.

వారంటీని సంవత్సరాలతో కాక కిలోమీటర్లతో కొలవాలి. 1,00,000 కిలోమీటర్ల వరకు అని వ్రాసిన వారంటీ సొంత కారుకు ఎన్నో ఏళ్ళు వస్తుంది. నెలకు 4,000 కిలోమీటర్లు తిరిగే బాడుగ కారుకు 25 నెలలలో ముగుస్తుంది. విద్యుత్ కారు బ్యాటరీకి 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది అని ఉంటే, మన లెక్కన అది 40 నెలలే. బాడుగ వాడకానికి వేరే నిబంధనలున్నాయేమో వ్రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. అలాగే 10,000 కిలోమీటర్లకొక సర్వీసు అంటే మనకు రెండున్నర నెలలకొకటి. ఆయిలు మార్చడం వాయిదా వేసి మిగుల్చుకున్న సొమ్ము ఇంజను పనికి పదింతలై పోతుంది.

5. పాత కారు కొనేవారికి

పాత కారు చవక, తరుగు తక్కువ. కాని దాని గతం మనకు తెలియదు. ఈ పరీక్షలు చేయకుండా బయానా ఇవ్వరాదు.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఉదయం వేళ స్టార్టు చేయించి చూడాలి. ముందుగా వేడిచేసి ఉంచిన ఇంజనులో లోపాలు దాగుతాయి. మీటరులోని కిలోమీటర్లను నమ్మరాదు. పెడల్ రబ్బర్లు, స్టీరింగు, డ్రైవరు సీటు అరుగుదల చూడాలి. కంపెనీ సర్వీసు కేంద్రంలోని నమోదులతో ఆ అంకెను సరిపోల్చాలి. టైరు మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది; 2323 అని ఉంటే 2023వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం.

వరదలో మునిగిన కార్లు తుడుపులు, మెరుగులతో ఇతర ఊళ్ళ అంగళ్ళకు చేరుతుంటాయి. 2022 సెప్టెంబరులో మన నగరంలోను, 2015, 2023 డిసెంబరు నెలలలో చెన్నైలోను ఎన్నో వాహనాలు నీట మునిగాయి. సీటుబెల్టును చివరిదాకా లాగి చూస్తే బురద చార కనబడవచ్చు. సీట్ల అడుగున తుప్పు, కార్పెట్టు క్రింద చెమ్మ వాసన ఉంటే ఆ బేరం వదలుకోవాలి.

కాగితాలలో మొదట చూడవలసినది ఆర్.సి.లో ఫైనాన్సు సంస్థ పేరు ఉన్నదా అనేది. ఉంటే, అప్పు తీరినట్లు ఆ సంస్థ ఇచ్చిన పత్రము, ఫారం 35 పొంది ఆ పేరును తొలగింపజేయాలి. యాజమాన్య బదిలీకి 29, 30 ఫారాలు కావాలి. వేరే రాష్ట్రపు కారు అయితే ఫారం 28 ద్వారా అక్కడి నిరభ్యంతర పత్రం తీసుకురావాలి. ఇక్కడ చెల్లించవలసిన పన్నును కూడా బేరానికి ముందే లెక్కవేసుకోవాలి. బకాయి చలాన్లు, పన్ను, పర్మిట్ గడువు రవాణా శాఖ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. చాసిస్ సంఖ్యను కారుమీద, ఆర్.సి.లో స్వయంగా సరిచూడాలి. సొమ్ము పూర్తిగా చెల్లించి బదిలీని రేపు మాపు అని వదిలివేస్తే, చట్టం దృష్టిలో ఆ కారు ఇంకా అమ్మినవానిదే.

6. అప్పు మాట

“పది శాతం వడ్డీ” అనే మాట వినగానే సంతోషించరాదు. అది తగ్గుతున్న బాకీపై వడ్డీయా, మొదటి అసలుపై చివరిదాకా వేసే ఫ్లాట్ వడ్డీయా అని అడగాలి. 6,00,000 రూపాయలకు, అయిదేళ్ళకు, తగ్గుతున్న బాకీపై 10 శాతం అయితే నెల కంతు 12,748 రూపాయలు. మొత్తం వడ్డీ సుమారు 1,65,000. అదే 10 శాతం ఫ్లాట్ అయితే కంతు 15,000, వడ్డీ 3,00,000. అనగా అసలు వడ్డీ 17 శాతం దాటుతుంది. మాట ఒకటే; తేడా 1,35,000 రూపాయలు.

బీమా, పన్నుల సొమ్ము ఏడాదికొకసారి ఒక్కుమ్మడిగా మీద పడుతుంది. మన ఉదాహరణలో నెలకు 4,500 రూపాయలు వేరుగా దాచుకుంటే ఆ నెలలో మళ్ళీ బంగారం కుదువ పెట్టే అవసరం రాదు.

7. చట్టం కోరేవి

బాడుగకు తిప్పే కారుకు పసుపు పలక మీద నల్లని అక్షరాలు ఉండాలి. విద్యుత్ బాడుగ కారుకు ఆకుపచ్చ పలక మీద పసుపు అక్షరాలు. గంటకు 80 కిలోమీటర్లు మించకుండా వేగ నియంత్రిక, వాహనం ఎక్కడున్నదో తెలిపే పరికరం, అత్యవసర మీట ఉండాలి. ఎఫ్.సి. కొత్త కారుకు మొదట రెండేళ్ళకు, తరువాత ఎనిమిదేళ్ళు నిండేవరకు రెండేళ్ళకొకసారి, ఆపైన ఏటేటా. పాత కారు వయస్సు ఎనిమిదేళ్ళకు చేరువలో ఉంటే ఈ ఖర్చును కూడా ధరలో చూసుకోవాలి.

కొందరు ఖర్చు తగ్గుతుందని వైట్‌బోర్డు కారునే బాడుగకు తిప్పుతారు. పర్మిట్ లేకుండా బాడుగకు తిప్పడం శిక్షార్హమైన నేరం. అంతకంటె పెద్ద ముప్పు బీమాది. సొంత వాడకానికి చేసిన బీమాపై, బాడుగ ప్రయాణంలో ప్రమాదం జరిగితే, పరిహారాన్ని సంస్థ నిరాకరించవచ్చు. గాయపడినవారికి చెల్లించవలసిన భారం కారు యజమాని ఇంటిమీద పడవచ్చు. ఎల్లోబోర్డుకు అయ్యే అదనపు ఖర్చు ఈ ముప్పు ముందు స్వల్పం.

అభ్యాసం

ఒక కారు నెలకు 3,600 కిలోమీటర్లు తిరుగుతుంది. నడిచిన కిలోమీటరుకు అన్ని ఖర్చులు 10 రూపాయలు. బాడుగ కిలోమీటరుకు చేతికి 18 రూపాయలు అందుతాయి. (అ) బాడుగ దూరం నూటికి 60 వంతులు అయితే మిగులు ఎంత? (ఆ) 70 వంతులు అయితే ఎంత?

జవాబులు: (అ) బాడుగ దూరం 2,160 కిలోమీటర్లు, రాబడి 38,880, ఖర్చు 36,000, మిగులు 2,880 రూపాయలు. (ఆ) బాడుగ దూరం 2,520 కిలోమీటర్లు, రాబడి 45,360, మిగులు 9,360 రూపాయలు.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని, మీరు కొనదలచిన కారుకు ఇదే లెక్క వేయండి. ఇప్పటికే బాడుగకు నడుపుతున్న ఇద్దరు ముగ్గురిని అడిగి వారి ఖాళీ తిరుగుడు, వారి మైలేజీ, వారి మరమ్మతు ఖర్చు వ్రాసుకోండి. అంగడివాడు చెప్పిన అంకెలకు బదులు వారు చెప్పిన అంకెలు వేయండి. ఇంటివారితో కూర్చుని, చివరి వరుసలో మిగిలిన సొమ్ముతో ఇల్లు గడుస్తుందా అని చూడండి. గడిచేటట్లయితే సంతకం చేయండి. గడవకపోతే మరొక కారు చూడండి, లేదా మరికొన్నాళ్ళు ఆగండి. సంతకానికి ముందు ఆగినందువలన పోయేది కొన్ని దినాలు మాత్రమే.